ఈత కుదిర్చిన పెళ్లి

మా నాన్న చెంచురామయ్య వరద గోదావరిని ఈది వెళ్లి మా అమ్మను పెళ్లాడాడని మా ఊరు ఎర్రుపాలెంలో అందరూ నమ్ముతారు. భద్రాచలం దగ్గర ఇంకా వంతెన లేని కాలం. అమ్మ పుట్టిల్లు అవతలి ఒడ్డున, అడవి అంచు పల్లెలో. ఎవరి పెళ్లిలోనో, "మీ సంబంధం ఎట్లా కుదిరింది హైమక్కా?" అని అడిగితే, "ఈతే కుదిర్చింది" అన్నదట అమ్మ. మధ్యలో నది ఉండనే ఉంది. మిగతా కథను విన్నవాళ్లు పూర్తి చేశారు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఆయన దేనికైనా అంతే.

ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. బాబాల చేతుల్లోంచి రాలే విభూతి గుట్టును బడిపిల్లల ముందు విప్పాను. ఈ ఒక్క కథను మాత్రం ప్రశ్నించలేదు. పైగా సదిశల పాఠంలో నది వేగం ఇంత, నాన్న వేగం ఇంత అంటూ లెక్క ఇచ్చేవాణ్ణి. ఆయన తేలేది కొన్ని మైళ్ల దిగువన అని జవాబు వచ్చేది. జవాబును పక్కన పెట్టి కథనే ఉంచుకున్నాను.

ఈ వేసవిలో మా చెల్లెలు రాజ్యశ్రీ, ఖానాపురం హవేలిలోని తన ఇంట్లో, అమ్మానాన్నల మీద ఒక స్క్రాప్‌బుక్ మొదలుపెట్టింది. అమ్మకు ఎనభై ఆరేళ్లు. మతిమరుపు ముదిరింది. నాన్న పోయి తొమ్మిదేళ్లయినా ఆయన ఫొటోతో మాట్లాడే మనిషి, నాలుగు నెలలుగా అదే ఫొటోను చూసి "ఎవరీయన?" అంటోంది. పాత వస్తువులు రోజూ చూపిస్తే కొంత మేలు ఉండవచ్చునని డాక్టరు అన్నాడు. 'ఉండవచ్చు' అన్న మాటకు ఎంత బరువుందో నాకు తెలుసు. చెల్లెలికి చెప్పలేదు.

మొదటి పుటలో నీలం కాగితంతో నదిని చేసి, నడుమ నాన్న ముఖం కత్తిరించి అతికించింది.

"తల ఒక్కటే పెట్టావు. మునిగిపోతున్నట్టున్నాడు," అన్నాను.

"నీకు అన్నీ మునిగినట్టే కనిపిస్తయ్ అన్నయ్యా."

పుస్తకాన్ని అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవరీయన? నీళ్లల్ల ఎందుకున్నడు?"

ఆ పూటకు అది ఆరోసారి. రాజ్యశ్రీ కత్తెర కింద పెట్టింది. "ఇంక నా వల్ల కాదన్నయ్యా," అని అమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసిన కాగితాలు ఎత్తిపెట్టసాగింది. అడుగున ఎండిపోయిన ఆకుల జడ ఒకటి, వేలెడంత, దొరికింది. దాన్ని చెత్తబుట్టలో వేయబోతే అమ్మ చెయ్యి చాచింది.

"ఏయ్, అదెందుకు పారేస్తున్నవ్?"

"చీపురు పుల్లలమ్మా. చెత్త."

"చెత్త నీ మొహం. ఈతాకు అది. ఆయన అల్లింది."

"ఆయనంటే?" అన్నాను. జవాబును నేనే అందించకుండా జాగ్రత్తపడ్డాను.

"ఇంకెవరు, మీ నాయన."

రాజ్యశ్రీ ఆ జడను అమ్మ చేతిలో పెట్టింది.

"మిరపకాయలు ఆరబోసెటందుకు ఈత చాపలు కొంటనని మా ఊరొచ్చిండు," అన్నది అమ్మ. "ఒక్కసారి గాదు, నాలుగుసార్లు. తోట అరెకరం, చాపలు ఇరవై! చాపలల్లే ఎర్రమ్మ మా అరుగు మీదనే కూసునేది. నాకూ నేర్పమని దాని పక్కన చేరిండు. పొద్దంతా కూసోని గింతే అల్లిండు, అది గూడ వంకర. చూపంతా మా దర్వాజ దిక్కే గదా. ఎర్రమ్మే మా నాయనతోటి చెప్పింది, గీ పిలగాడు చాపల కోసం రాలేదని."

అమ్మ చెప్పింది ఈతచెట్టు సంగతి. ఊరు విన్నది నది సంగతి. నేనూ ఊరితోపాటే విన్నాను. అరవై ఏళ్లలో ఒక్కనాడూ, ఏ ఈత అని అడగలేదు.

రేపటికి ఆమె ఇదీ మరచిపోవచ్చు. దాని మీద నాకు ఆశలేమీ లేవు. ఆ క్షణంలో మాత్రం అమ్మ నీలం కాగితం మీద వేలు పెట్టి విసుక్కుంటోంది.

"తియ్యవే రాజ్యం, ముందుగాల ఆయన్ని నీళ్లల్లకెల్లి తియ్యి."

చెల్లెలు బ్లేడుతో నాన్న ముఖాన్ని జాగ్రత్తగా ఊడదీసింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"మరి గోదారి ఎట్లా దాటిండమ్మా?" అని అడిగింది రాజ్యశ్రీ.

"పడవల. కండ్లు గట్టిగ మూసుకొని, పడవాయన చెయ్యి పట్టుకొని. మీ నాయనకు ఈత రాదు."