నాలుగు పూసల సాక్ష్యం

నేను ఒక వెన్నెముకను. అలాగని జాలిపడకండి, నేను ఏ మనిషి ఒంట్లోంచీ విడిపడి రాలేదు. నాకు తల లేదు, కాళ్లు లేవు, పక్కటెముకలు లేవు. ఉన్నవల్లా నడుము దగ్గరి నాలుగు పూసలు. అవి కూడా ఒక గట్టి ప్లాస్టిక్ దిమ్మలో బిగిసి ఉంటాయి. దూరం నుంచి చూసినవాళ్లు నన్ను పెద్ద బట్టల సబ్బు అనుకుంటారు. దగ్గరికొచ్చి చూసినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. రెండూ నాకు అలవాటే.

ఆసుపత్రిలో నన్ను ఫాంటమ్ అంటారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా యంత్రం నిజం చెబుతోందా లేదా అని తేల్చడం నా ఉద్యోగం. రోజూ మొదటి రోగి కంటే ముందు ఆ బల్ల మీద పడుకునేది నేనే. యంత్రం నన్ను చూసి ఒక అంకె చెబుతుంది. నేను పుట్టినప్పుడు నాకు ఇచ్చిన అంకెతో అది సరిపోతేనే ఆ రోజు పని మొదలవుతుంది. సరిపోకపోతే తప్పు యంత్రానిది, నాది కాదు. అంత ఖరీదైన యంత్రం రోజూ పొద్దున్నే నా ముందు పాఠం అప్పజెప్పాల్సిందే. నాకు కాస్త గర్వం ఉండదా మరి?

సముద్రాలవతల ఒక కర్మాగారంలో పుట్టాను. మీ ఎముకల్ని గట్టిగా ఉంచే ఖనిజం ఉంటుంది చూశారా, దాన్నే పొడి చేసి, పూసల ఆకారంలో అచ్చుపోసి నన్ను తయారుచేశారు. తలకు తెల్లటోపీలు పెట్టుకున్న మనుషులు నన్ను కొలిచిందే కొలిచి, చివరికి నా ఒంటి మీద నా అంకె అంటించారు. అప్పటి నుంచి అది మారలేదు. మీ ఎముకలు అలా కాదు. పుట్టింది మొదలు పాతదాన్ని తవ్వుకుంటూ, కొత్తది పోసుకుంటూనే ఉంటాయి. వయసు మీరాక తవ్వకం ఎక్కువై పోత తగ్గుతుంది. ప్రాణం ఉన్నందుకు మీరు కట్టే పన్ను అది. నాకు ఆ బాధ లేదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ నడిపేవాడు. అక్కడ నన్ను బల్ల మీద పడుకోబెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ఫ్యాను గాలికి రిపోర్టులు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టారు. పక్కగదిలో యంత్రం నోటికొచ్చింది చెబుతుంటే, మనుషులు డబ్బు కట్టి మరీ ఆ మాటలు పట్టుకెళ్లేవాళ్లు. నేను కాగితాల మీద కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. ఒళ్లు మండిపోయేది. తర్వాత ఆయన కొత్త యంత్రం కొనుక్కుని, పాతదాన్ని ఒక వైద్య కళాశాలకు దానమిచ్చాడు. పేపర్లో ఫోటో పడింది. అందులో యంత్రం ఉంది, ఆయన ఉన్నాడు, ఆయన మీద శాలువా ఉంది. నేను లేను.

ఆ కళాశాల ఉత్తర తెలంగాణలో, బీడీలు చుట్టే ఊళ్ల మధ్య ఉంది. నా జాతకం మారింది అక్కడే. టెక్నీషియన్ ప్రభాకర్ వచ్చీ రాగానే నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. యంత్రం చెప్పిన అంకె విని పెదవి విరిచి, ఇంజనీరును పిలిపించి, అది దారికొచ్చేదాకా వదల్లేదు. ఆ రోజు నుంచి రోజూ నా అంకెను కళ్లకద్దుకుని చూసేవాడు. పనికి మొక్కేవాడి చేతిలో పడటం కంటే ఒక వస్తువుకు కావలసిందేముంది?

ఆ యంత్రం మీద పరిశోధన మొదలుపెట్టింది ఆ కళాశాలలో పై చదువుకు చేరిన డాక్టర్ మెహరున్నీసా. అక్కడే దగ్గర్లో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊళ్లలో ఎందరో ఆడవాళ్లకు కీళ్లవాతం ఉంది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, బీడీ ఆకు పట్టు చిక్కదు. శరీరాన్ని కాపాడవలసిన కావలివాళ్లే తిరగబడి సొంత కీళ్ల మీద పడే జబ్బు అది. అలా తిరగబడిన కావలివాళ్ల జాడను రక్తంలో పట్టవచ్చు. యాంటీబాడీలు అంటారు. అవి ఎక్కువున్న వాళ్లకు కీళ్లే కాక ఎముకలు కూడా తొందరగా గుల్లబారుతున్నాయా, విరిగే ప్రమాదం ముందే తెలుస్తుందా అన్నది ఆమె ప్రశ్న. ఏడాదికోసారి రక్తం తీసి, ఎముకల్ని కొలిచి చూడాలి. ఎముకల లెక్క ఒక గీత కంటే కిందికి దిగితే, ఎముకల్ని నిలబెట్టే మందును ఉచితంగా సెలైన్‌లాగా ఎక్కిస్తారు. గీతకు పైన ఉన్నవాళ్లకు కాల్షియం బిళ్లలు మాత్రమే ఇస్తారు.

ఆ ఆడవాళ్లలో దూస భూలక్ష్మి ఒకతె. యాభై దాటిన మనిషి. వంకరపోతున్న వేళ్లతోనే ఇంకా బీడీలు చుట్టేది. ఆమెతో ఉండే అక్క తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. పొద్దున లేపి కూర్చోబెట్టాలన్నా, స్నానానికి తీసుకెళ్లాలన్నా భూలక్ష్మే. మొదటి ఏడు బల్ల ఎక్కుతూ ఆమె అన్న మాట నాకింకా జ్ఞాపకం.

"నా యేళ్లు పోతే పోనీ బిడ్డా. నడుము ఇరగకుండ జూడు. అక్కను లేపాలంటె నడుముండాలె గద."

ఆమె రక్తంలో యాంటీబాడీలు విపరీతంగా ఉన్నాయి. ఎముకల లెక్క తక్కువే, కానీ గీతకు వెంట్రుకవాసి పైనే ఆగింది. మందు ఇవ్వడానికి వీల్లేదు. మెహరున్నీసా ముఖం వాడిపోయింది. విభాగానికి పెద్ద అయిన ప్రొఫెసర్ నరహరి గారు అప్పుడే వచ్చి, పనులు నెమ్మదిగా సాగుతున్నాయని ఆమెను అందరి ముందూ గట్టిగా నాలుగు మాటలు అన్నారు. బల్ల దిగుతున్న భూలక్ష్మి ఇదంతా చూసింది. నేనూ చూశాను. కాకపోతే నేను మళ్లీ బీరువాలోకి వెళ్లాను, ఆమె ఊళ్లోకి వెళ్లింది.

ఏడాది తిరిగింది. గదికి సున్నం వేయించడానికి యంత్రాన్ని గోడ నుంచి జరిపి మళ్లీ స్థానంలో పెట్టారు. ఆ మరుసటి వారమే భూలక్ష్మి ఊరి నుంచి వ్యాను నిండా ఆడవాళ్లు వచ్చారు. మొదట పడుకున్నావిడ ఎముకల లెక్క పోయినేటి కంటే పెరిగింది. రెండో ఆవిడదీ పెరిగింది. భూలక్ష్మిది మరీ ఎక్కువ పెరిగింది. రక్తంలో ఆ యాంటీబాడీలు అలాగే విజృంభించి ఉంటే ఎముక పెరగడమేమిటి?

నరహరి గారిని పిలిచారు. ఆయన తెర వైపు చూసి తల పట్టుకున్నారు. "మెషిన్ కదిపారు కదా, చెడిపోయింది. ఇంకేముంది, ఏడాది పని బూడిదలో పోసినట్టే."

"పొద్దుగాల ఫాంటమ్ పెట్టిన సార్. సరిగనే ఉండె" అన్నాడు ప్రభాకర్.

"మళ్లీ పెట్టు."

పెట్టాడు. ఇలాంటి ఘడియ కోసమే కదా నేను పుట్టింది. బల్ల మీద నేను, చుట్టూ ముగ్గురు, గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని భూలక్ష్మి. యంత్రం చెయ్యి నా మీదుగా మెల్లగా కదిలింది. నా అంకె వచ్చింది. తిప్పి పెట్టి మళ్లీ కొలిచారు. అదే అంకె. ప్రభాకర్ నన్ను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. యంత్రం బాగానే ఉంది. ఏడాది పని నిలిచింది. నా వల్ల నిలిచింది. ఆ క్షణాన నా అంత వెన్నెముక లోకంలో ఇంకొకటి లేదనిపించింది.

ఆ సంబరం ఎంతోసేపు మిగల్లేదు.

"అయితే ఈవిడ ఎముక నిజంగానే పెరిగిందన్న మాట" అన్నారు నరహరి గారు తేలిగ్గా. "మంచిదే కదమ్మా. కాల్షియం పనిచేసింది. ఈవిడకు ఇంక మందు అక్కర్లేదు, ఇంటికి పంపించు."

ఇంటికి పంపించు! నా సాక్ష్యం పట్టుకునే ఆమెను పంపించేస్తున్నారు. నేను చెప్పింది యంత్రం గురించి, భూలక్ష్మి గురించి కాదు. అరిచి చెబుదామంటే నాకు నోరు లేదు. ఆమె వెళ్లిపోతే మళ్లీ వచ్చేది ఏడాదికి. ఈలోపు అక్కను లేపబోయి ఏ పొద్దునైనా ఆ నడుము పుటుక్కుమంటే? ఒక మంచం పక్కన రెండో మంచం పడుతుంది. లేపేవాళ్లుండరు. ఒక మనిషి కోసం నేను భయపడటం అదే మొదలు. రాయిలాంటి నాకే అలా ఉందంటే మీరే ఊహించుకోండి.

మెహరున్నీసా కదల్లేదు. "ఒక్క నిమిషం సార్. మెషిన్ కరెక్టంటే, అది చూసింది చూసినట్టే చెప్పింది. అది చూసింది బొక్కనేనా అని నా డౌటు." ఆ ఊళ్లలో ఎముకను బొక్క అంటారు.

అంతవరకూ అందరూ అంకెనే చూశారు. ఆమె బొమ్మను పెద్దది చేసి చూసింది. భూలక్ష్మి రెండో పూస మీద తెల్లగా, గుండ్రంగా మూడు బిళ్లలు కనిపించాయి. పోయినేటి బొమ్మలో అవి లేవు. మనిషి ఎముకలో అంత గుండ్రటివి మొలవవు.

"భూలక్ష్మమ్మా, పొద్దుగాల ఏం తిన్నరు?"

"ఏం తినలే బిడ్డా. చాయ్ తాగిన."

"చాయ్‌తోని?"

భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"గోలీలు ఏసుకున్న. నువ్విచ్చిన బొక్కల గోలీలే. గుప్పెడు." కడుపులో ఇంకా కరగని ఆ కాల్షియం బిళ్లల్నే యంత్రం వెన్నుపూసలో కలిపి లెక్కేసిందన్న మాట.

"అమ్మా! ఇయ్యాల గోలీలు ఏసుకోవద్దని ఫోన్ల చెప్పిన గద! ఏసుకుంటె లెక్క ఎక్కువొస్తదని గూడ చెప్పిన!"

"చెప్పినవ్. గందుకే ఏసుకున్నం."

"ఏసుకున్నమా? ఎవరెవరు?"

"బండిల అందరం" అంది భూలక్ష్మి. దాచి ప్రయోజనం లేదనుకుందేమో, గబగబా చెప్పేసింది. "నిరుడు నా లెక్క తక్కువొస్తె నీ మొఖం ఎంత చిన్నగైంది! ఈ సారు గీడ్నే నిలబెట్టి నిన్ను ఎన్ని మాటలన్నడు! మా బొక్కలు గట్టిగ లేకుంటె నీ సదువు ఆపుతరేమో అనుకున్నం. గంత కష్టపడి సదువుతున్న పిల్లవు. నీకు మాట రావద్దని అందరం అనుకోని ఏసుకున్నం."

ఇదీ మనుషుల తీరు. తమ ఎముకలు కొలవడానికి వచ్చి, కొలిచే పిల్ల పరువు కాపాడటానికి దొంగలెక్క చూపించారు. నేను ఇన్నేళ్లుగా నిజం తప్ప చెప్పి ఎరగను. అయినా ఆ అబద్ధం ముందు నాకు కోపం రాలేదు. ఒక వ్యానెడు ఆడవాళ్లు ఒక డాక్టరు పిల్ల కోసం ఆడిన అబద్ధం అది.

మెహరున్నీసా నవ్వబోయి ఏడ్చేసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి భూలక్ష్మి వంకరవేళ్లు పట్టుకుంది. "నా సదువు నేను జూసుకుంట అమ్మా. గీ లెక్క నమ్మి నిన్ను ఇంటికి పంపిస్తె, రేపు నీ నడుము ఇరిగితె, మీ అక్కను ఎవరు లేపుతరు?"

వరండాలో నవ్వులు ఆగిపోయాయి. నరహరి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అందరినీ మళ్లీ రమ్మను. వ్యాను సంగతి నేను చూస్తాను" అన్నారు. గుమ్మం దాటబోతూ భూలక్ష్మి ముందు ఆగి, "మీ డాక్టరమ్మ చదువుకేం భయం లేదమ్మా. ఆరోజు నేనే కాస్త నోరు జారాను" అన్నారు. పెద్దవాళ్లు అంతకంటే కిందికి దిగరు. దిగినంతవరకూ మెచ్చుకోవాలి.

మూడోనాడు వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఎవరూ ఏ బిళ్లా మింగలేదు. ముందు నేను పడుకున్నాను, తర్వాత భూలక్ష్మి పడుకుంది. ఆమె ఎముకల లెక్క గీతకు చాలా కిందికి జారిపోయి ఉంది. ఇంకొక్క ఏడు ఆగితే ఏమయ్యేదో చెప్పలేను.

"ఏమాయె బిడ్డా, తక్కువొచ్చిందా?" అంది భూలక్ష్మి బెదురుగా.

"తక్కువే. ఇగ మందు ఎక్కిస్త" అంది మెహరున్నీసా. ఆ వారమే ఎక్కించారు.

పరిశోధన పూర్తయింది. యాంటీబాడీలు ఎక్కువున్న ఆడవాళ్లకు ఎముకలు మిగతావాళ్ల కంటే తొందరగా గుల్లబారుతున్నాయని తేలింది. వాళ్లను ముందే పట్టుకుని మందు మొదలుపెట్టాలని మెహరున్నీసా ఒక సభలో చెప్పింది. చెప్పేముందు గదిలో ఒక్కతే చదువుకుంటుంటే విన్నాను. అందులో ఒకచోట, "యంత్రాన్ని రోజూ ఫాంటమ్‌తో సరిచూశాం, తేడా రాలేదు" అని ఉంది. మిగతావాళ్లంతా ఆ వాక్యాన్ని దాటేసి ఉంటారు. ఆ వాక్యం నేను. మెహరున్నీసా పరిశోధన మొత్తం నా నాలుగు పూసల మీద నిలబడి ఉందని నేననుకుంటే మీరు కాదనలేరు.

ఆ తర్వాత యంత్రం ముసలిదైపోయింది. కొత్తది తన ఫాంటమ్‌ను తనే వెంటబెట్టుకుని వచ్చింది. అది కుర్రది, నా అంకె వేరు, దాని అంకె వేరు. పాత యంత్రాన్ని తుక్కు బండి ఎక్కించారు. నన్నూ అందులో పడేయబోతుంటే ప్రభాకర్ లాక్కుని తెచ్చి మెహరున్నీసా గది కిటికీలో పెట్టాడు. ఆమె ఇప్పుడు విద్యార్థులకు పాఠం చెబుతోంది. నన్ను చేతికిచ్చి, "ముందు దీనికి సలాం చెయ్యుండ్రి" అంటుంది. చేస్తారు. నేను స్వీకరిస్తాను.

కిటికీలోంచి వ్యానులు ఆగే చోటు కనిపిస్తుంది. ఈ పొద్దున ఒక వ్యాను ఆగింది. భూలక్ష్మి దిగింది. జుట్టు బాగా నెరిసింది. వెనకాల సీట్లో ఆమె అక్క ఉంది, ఇన్నేళ్లకు ఆసుపత్రికి తీసుకొచ్చింది. చక్రాల కుర్చీ తోసుకుంటూ మెహరున్నీసా బయటికి పరుగెత్తింది.

"ఆగు అమ్మా, ప్రభాకర్‌ను పిలుస్త. బరువు ఎత్తొద్దని చెప్పిన గద!"

"నువ్వు నేర్పినట్టే లేపుత తియ్యి. రోజూ లేపేదాన్నే గద."

భూలక్ష్మి కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచింది. అక్క చేతుల్ని తన మెడ చుట్టూ వేసుకుంది. మెహరున్నీసా రెండు చేతులూ చాపి, తాకకుండా, ఊపిరి బిగబట్టి పక్కనే నిలబడింది. నేనూ బిగబట్టాను, నాకు ఊపిరే లేకపోయినా. భూలక్ష్మి వెన్ను ఎక్కడా ఒంగలేదు. అక్కతో సహా లేచింది.