లైటు ఆర్పాక వేసే చుక్క

ల్యాబ్‌లో అందరూ ఆమెను ఎలుకలమ్మ అనేవారు. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరూ ఏనాడూ ఒక్క బోను కడిగిన పాపాన పోలేదు. మనుషులు పనిచేసే వేళకు ఎలుకలు మెలకువగా ఉండాలని అక్కడ రాత్రీ పగలూ తారుమారు చేశారు. రాత్రంతా లైట్లు వెలిగేవి. పొద్దున ఆమె వచ్చి స్విచ్ నొక్కితే చీకటి. ఆ చీకట్లో ఎర్ర బల్బు కింద ఒక్కో ఎలుక ముక్కులో ఒక్కో చుక్క మందు వేయడం ఆమె పని.

మందంటే యంత్రంలో కూర్చిన పెప్టైడ్, నాలుగు పూసలు గుచ్చినట్టుండే బుల్లి ప్రోటీన్ ముక్క. దెబ్బతిన్న మెదడును కాపాడుతుందా, గతి తప్పిన నిద్రను దారిలో పెడుతుందా అని చూస్తున్నారు. మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఏళ్లు పడుతుందని ల్యాబ్ నడిపే పెద్ద మేడమ్ అనేది. అన్ని ఏళ్లు ఎలుకలమ్మ వాళ్ల అమ్మ దగ్గర లేవు.

అమ్మ ఒకప్పుడు బస్ కండక్టర్. ఎంతటి మొండిఘటమైనా ఆమె చూపుకి జడిసి టికెట్ తీసుకోవాల్సిందే. ఇప్పుడు కన్న కూతుర్ని పట్టుకుని "ఎక్కడ దిగాలమ్మా?" అని అడుగుతోంది. పగలంతా కునుకు, రాత్రంతా గొణుగుడు. కూతురు అది వింటూ పక్కనే మేలుకుని కూర్చునేది. చివరికి ఓ సాయంత్రం సీసా అడుగున మిగిలిన మందు జేబులో వేసుకొచ్చింది. దొంగతనమని తెలుసు. సిగ్గుపడింది కూడా. అయినా తెచ్చింది.

రాత్రి అమ్మను పడుకోబెట్టి, లైటు ఆర్పి, ముక్కులో చుక్క వేసేది. ఏళ్లుగా చేతికి అలవాటైన పని, ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

కొన్నాళ్లకు అమ్మ మాటల్లో తడబాటు తగ్గింది. ఓ రాత్రి దుప్పటి కప్పుతుంటే, "ఏమే, ఇంత చిక్కిపోయావు?" అంది. కూతురు గోడవైపు తిరిగి ఏడ్చింది. నిద్ర మాత్రం ఇంకా పట్టడం లేదు. మందు పూర్తిగా పనిచేయడానికి టైం పడుతుందిలే అనుకుంది.

ఓ రోజు పొద్దున లేచేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అమ్మ మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. అమ్మ బస్‌స్టాప్ బెంచీ మీద దొరికింది. పాత యూనిఫాం, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, భుజాన టికెట్ల సంచీ. రాత్రి చలికి ఒళ్లు కొయ్యబారిపోయింది. మొదటి బస్సు డ్రైవర్ పక్కనే నిలబడి ఉన్నాడు. "డ్యూటీకి వచ్చారేమో అనుకున్నానమ్మా," అన్నాడు.

అన్నీ అయ్యాక ఆమె పనిలోకి వచ్చింది. స్విచ్ నొక్కింది. అంతవరకు పొట్టులో ముడుచుకున్న ఎలుకలు ఒక్కొక్కటే లేచి, మూతులు తుడుచుకుని, బోను తలుపుల దగ్గరకు వచ్చాయి. రోజూ చూసేదే. చీకటి పడితే వీటికి తెల్లారినట్టని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది తనే. ఈ మందు నిద్రపుచ్చదు, పొద్దు పొడిచిందని మెదడుకి చెబుతుంది. అందుకే ఎలుకలకు చీకటయ్యాక వేస్తారు. రోజూ రాత్రి లైటు ఆర్పి అమ్మకు తను చెప్పిందీ అదే. ఆమె సీసాకు మూత బిగించింది.

పెద్ద మేడమ్ వచ్చి భుజం మీద చేయి వేసింది. "ఇంకొన్నాళ్లు సెలవు పెట్టాల్సింది. పాపం అమ్మగారు, ఏమీ తెలియకుండానే పోయారు. అదొక్కటే నయం."

"లేదు మేడమ్, తెలివిగానే ఉంది," అంది ఎలుకలమ్మ. "తెల్లారిందని నేనే చెప్పాను. దుప్పటి మడత పెట్టి మరీ వెళ్లింది."