ఫారంలో లేని పని

"రేపు మొగ్గం మీద నువ్వు కూసోవాలె. మంచి చీర కట్టుకో" అన్నాడు పోచన్న.

గొంగడి దారానికి పెట్టే గంజి కోసం చింతపిక్కలు దంచుతున్న భాగ్యవ్వ చేతిలో రోకలి ఆగిపోయింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఊడవడానికి తప్ప ఆమె ఆ మగ్గం గుంత దగ్గరికి పోయింది లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అలసిపోయి దాని అంచున కూర్చుంటే, అత్త లసుమవ్వ రెక్క పట్టి లేపింది. "ఆడిదాని నీడ పడితే మొగ్గం ఆగమైతది. నువ్వేమన్న నేసేదానివా?" అంది. పోచన్న అక్కడే నేస్తున్నాడు. తల ఎత్తలేదు.

ఆర్మూరులో సిద్ధులగుట్ట కింద ఆ వాడలో గొంగడి నేసే ఇల్లు వాళ్లదొక్కటే మిగిలింది. పాత చేతిపనులు పోకుండా కాపాడటానికి నిధి ఇస్తున్నారని, ఒక సంస్థలో పనిచేసే ప్రభుదాస్ ఆ ఏడు వానాకాలంలో కబురు తెచ్చాడు. చిక్కల్లా ఒకటే. ఆ డబ్బు ఆడవాళ్ల సంఘాలకే ఇస్తారట. 'నేత కళాకారిణి' అన్నచోట భాగ్యవ్వ పేరు రాసి, ఆమెతో సంతకం పెట్టించారు. తోటికోడలు ఆశమ్మతో పాటు వాడకట్టులో ఇంకో ముగ్గురు సభ్యులు. ఐదుగురూ ఉన్ని వడికేవాళ్లే. ఒక్కరూ మగ్గం ఎక్కినవాళ్లు కారు. ఏం రాసిండ్రని అడిగితే, "నీకెందుకే గా ఫికర్, పేరే గద" అన్నాడు పోచన్న.

పేరే గదా! గొర్రె మీంచి ఉన్ని కత్తిరించిన గడియ నుంచి అది ఆమె పని. పెంట, పల్లేరుకాయలు ఏరాలి. కడగాలి, ఎండబెట్టాలి, ఏకాలి, అప్పుడు రాట్నం ముందు కూర్చోవాలి. ఒక గొంగడికి సరిపడా దారం వడకడానికి ఆమెకు పదిహేను రోజులు పడితే, దాన్ని నేయడానికి అతనికి మూడు రోజులు. ఆ పదిహేను రోజులూ వంట ఆగదు, నీళ్లు మోయడం ఆగదు, గొర్లదొడ్డి ఊడవడం ఆగదు. చలికాలం పోతుంటే పసుపు కూలి మొదలవుతుంది. కొమ్ములు ఉడికే కడాయి దగ్గర పొద్దంతా పొగలో నిలబడి, పచ్చబడ్డ వేళ్లతో ఇంటికొచ్చి మళ్లీ రాట్నం తిప్పేది. అంచుకు వాడే తెల్లదారానికి పసుపు అంటిందని ఒకసారి పోచన్న చెంప మీద కొట్టాడు. ఉన్ని నూగు గొంతులో పడి ఏడాది పొడుగునా దగ్గు. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా అడిగితే మాత్రం, "మా ఆడోళ్లేం జేస్తరు? ఇంట్ల కూసుంటరు. ఖాళీగుంటే జర వడుకుతరు" అనేవాడు. ఆ మాట వింటూనే ఆమె వాళ్లకు చాయ్ పోసేది.

నిధి మొదటి విడత రాగానే రేకుల షెడ్డు లేచింది. కొత్త మగ్గం వచ్చింది. 'పోచన్న గొంగళ్లు' అని ఎర్రక్షరాల బోర్డు వచ్చింది. రాట్నం కదురు వంకరపోయి దారం సాగట్లేదు, కొత్తది తెమ్మని భాగ్యవ్వ అడిగింది. "తిరుగుతున్నది గద, ఇంకేం గావాలె" అన్నాడు.

పోచన్న మంచి చీర కట్టుకోమన్న మర్నాడు తనిఖీకి కరుణశ్రీ అనే అధికారి జీపులో వచ్చింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎన్నేళ్ల నుంచి నేస్తున్నారమ్మా అని భాగ్యవ్వను అడిగితే, ఇరవై ఏండ్ల సంది అని పోచన్న జవాబు చెప్పాడు. ఆమెను చెప్పనివ్వండి, కొంచెం నేసి చూపించనివ్వండి అంది అధికారి.

భాగ్యవ్వ గుంతలోకి కాళ్లు దించింది. ఏ కర్ర తొక్కితే ఏ దారం లేస్తుందో, అడ్డపోగు తీసుకుపోయే నాడెను ఎలా పంపాలో ఆమెకు తెలియదు. కానీ ఎదుట బిగించి ఉన్న దారంలో ప్రతి పోగూ తెలుసు. అదిగో, ఆ ఉండ పడ్డచోట జ్వరంతో చేయి వణికింది. ఆ సన్నటి పోగులు ఆశమ్మవి. ఇంత తెలిసిన తనను ఒక్కరోజు దొంగలా ఇక్కడ కూర్చోబెట్టారు.

"నాకు నేసుడు రాదు మేడం" అంది. "గిప్పటిదాంక నన్ను గీ మొగ్గం ముట్టనియ్యలే. నేను వడుకుత. గీ దారమంత మేం ఐదుగురం వడికిందే. గది రాసుకోండ్రి."

పోచన్న మొహం నల్లబడింది. ప్రభుదాస్ నవ్వి, అక్క సిగ్గుపడుతున్నదని సర్దబోయాడు. కరుణశ్రీ కాగితాలు అటూ ఇటూ తిప్పింది. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "చూడమ్మా, ఈ ఫారంలో వడకడానికి గడి లేదు. నేత ఒక్కటే ఉంది. ఆ నాడె చేత్తో పట్టుకోండి, ఒక్క ఫొటో తీస్తాను. లేకపోతే మిగతా డబ్బు ఆగిపోతుంది. మీ మంచికే చెప్తున్నాను."

ఆ మంచితనమే భాగ్యవ్వను ఎక్కువగా కాల్చింది. మొగుడు తిడతాడు, అత్త ఈసడిస్తుంది, అది తెలిసిందే. చదువుకున్న ఈ ఆడమనిషి, తన మాట చెవులారా విని కూడా, అబద్ధాన్నే బతిమాలి చేతిలో పెడుతోంది. తన పనికి పేరు పెట్టడానికి ఒక్కరూ లేరు. తన పేరు మాత్రం అందరికీ కావాలి. పోనీ పట్టుకుందాం, ఒక్క ఫొటోనే కదా అని కూడా అనుకుంది. డబ్బొస్తే ఇల్లు గడుస్తుంది. కానీ ఆ ఫొటో ఒకసారి తీస్తే, భాగ్యవ్వ వడికిందన్న మాట ఇక ఎక్కడా మిగలదు.

ఆమె నాడె ముట్టకుండానే గుంతలోంచి లేచింది.

"అట్లయితే నా పేరు కొట్టెయ్యండ్రి."

రెండో విడత ఆగిపోయింది. ఇంటి పరువు జీపెక్కించి పంపినవని పోచన్న వాకిట్లో నిలబడి అరిచాడు. కూట్లె మన్ను పోసుకున్నవని లసుమవ్వ శాపనార్థాలు పెట్టింది. భాగ్యవ్వ ఆ రోజు నుంచి రాట్నం ముట్టలేదు. ముందు భయపడ్డ ఆశమ్మ నాలుగో రోజుకు తనూ మానేసింది. మిగిలిన ముగ్గురూ వాళ్ల వెనకే వచ్చారు. అందరూ కలిసి అప్పుడే మొదలైన పసుపు కూలికి పోసాగారు.

పది రోజుల్లో దారం అయిపోయింది. కొత్త మగ్గం, పాత మగ్గం రెండూ ఆగాయి. పోచన్న తల్లిని వడకమన్నాడు. లసుమవ్వ వేళ్లు చూపించి, "వంకర వోయినయ్ బిడ్డా, నాతోటి గాదు" అంది. ఆ వేళ్లతోనే ఆమె మొన్నమొన్నటిదాకా వడికింది. భాగ్యవ్వ అత్త మొహంలోకి చూసింది. ముసలామె చూపు తిప్పుకుంది.

ఆదివారం కూలి లేదు. మధ్యాహ్నం భాగ్యవ్వ కంచంలో అన్నం పెట్టి పచ్చిపులుసు పోసుకుని కూర్చునేసరికి, పోచన్న రాట్నం ముందేసుకుని ఉన్ని పట్టుకున్నాడు. చక్రం తిప్పాడు, దారం తెగింది. అతికించి తిప్పాడు, మళ్లీ తెగింది. నాలుగోసారికి ఉన్ని కదురుకు ముద్దలా చుట్టుకుపోయింది. చెమట తుడుచుకుని, ఆ ముద్దను గోళ్లతో పీకుతూ భాగ్యవ్వ వైపు తిరిగాడు.

"ఒక్కపారి వచ్చి చూపియ్యరాదే" అన్నాడు. అతని గొంతులో తిట్టు లేదు.

ఇరవై రెండేళ్లలో అతను పిలిస్తే కంచం వదిలి లేవని రోజు లేదు. ఇప్పుడూ ఆమె మోకాలు అలవాటుగా కదిలింది. ఆపుకుంది.

"తింటున్న" అని, ఇంకో ముద్ద కలుపుకుంది.