ఓట్మార్ ఊపిరి

పొద్దున్నే గోడ కాపలా చూసే గుంట్రామ్ నిచ్చెన ఎక్కి, దూలాల చట్రంలో ముళ్ళకంప కుక్కి కట్టిన కంపగోడ మీది తొట్టి తూములు ఒక్కొక్కటే తీస్తాడు. ఉప్పునీళ్ళు నల్లముళ్ళ కంప మీదుగా బొట్లుబొట్లుగా జారడం మొదలవుతుంది. గోడంతా వాన కురుస్తున్నట్టు చప్పుడు. అప్పటికే చికిత్సకొచ్చినవాళ్ళు మెడకు రుమాళ్ళు చుట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి గోడ వారన బెంచీల మీద కూర్చుంటారు. నోరు తెరిచి ఉప్పుగాలి పీలుస్తారు. మధ్యాహ్నం అయ్యేసరికి వీళ్ళలో సగంమంది ఎదురుగా ఉన్న కేటా వైన్ కొట్టులో కనిపిస్తారు. డాక్టర్లు వైన్ ముట్టవద్దంటారు. ద్రాక్షతోటల నడుమ ఊరు కట్టి, వైన్ ముట్టవద్దంటే ఎవరు వింటారు? డాక్టర్లు కూడా అక్కడే ఉంటారు, కాకపోతే వెనక గదిలో.

పూర్వం రాజులు ఈ గోడ కట్టించింది ఉప్పు కోసం. గాలికి నీళ్ళు ఆరి చిక్కబడితే కాచి ఉప్పు తీసేవాళ్ళు. ఆ ఉప్పు కోసం రెండు యుద్ధాలు కూడా జరిగాయి. ఇప్పుడు ఉప్పు ఎవడిక్కావాలి? గాలి కావాలి అందరికీ. అందులోనూ జార్ లోయ బొగ్గు గనుల నుంచి వచ్చినవాళ్ళకి మరీను. గని బీమావాళ్ళు ఏటా శరత్కాలంలో వాళ్ళను రైలెక్కించి మా ఊరికి పంపేవాళ్ళు, మూడు వారాలకు. వాళ్ళు వచ్చి దుమ్ము వదిలి, గాలి పట్టుకుపోయేవాళ్ళు.

పీల్చిన గాలి మనిషి తీసుకుపోతాడు. వదిలిన గాలిని కంప ఉంచుకుంటుంది. మా ఊళ్ళో ఇది కొత్తేం కాదు. ఒకే చోట ఏళ్ళ తరబడి కూర్చున్నవాడి ఊపిరి, వాడు పోయాక కూడా ఆ చోట ముళ్ళలో ఆడుతూనే ఉంటుంది. నీళ్ళ చప్పుడు వెనక, చెవి ఒగ్గితే వినిపిస్తుంది. అందుకే చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు కూడా మాకు అతిథులే. అతిథులు కట్టే ఊరిపన్ను వాళ్ళ దగ్గర సగమే తీసుకుంటారు.

గెర్లిండ షోర్ అలా వచ్చేదే. భర్త ఓట్మార్ గనిలో పనిచేసి, ఛాతీ నిండా దుమ్ముతో పోయాడు. బతికుండగా ఆమె ఎన్నడూ ఇక్కడికి రాలేదు. బీమా ఒక్కడికే ఇచ్చేది, ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, కోళ్ళు. ఓట్మార్ మూడు వారాలు పోయి నున్నగా గీసుకున్న గడ్డంతో, చంకలో వైన్ సీసాతో తిరిగొచ్చేవాడు. క్రిస్మస్ నాటికి మళ్ళీ దగ్గు మొదలయ్యేది. రాత్రంతా దగ్గు. చిరిగిన కొలిమితిత్తి ఊదినట్టు. పెళ్ళైన కొత్తలో గెర్లిండకు ఆ దగ్గుతో నిద్ర పట్టేది కాదు. తరవాత తరవాత అది లేకపోతే పట్టేది కాదు. ఆయన పోయిన రాత్రి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ రాత్రి మేలుకున్న మనిషి ఇక నిద్రపోలేదు. మాత్రలు వేసుకుంది, పాలు తాగింది, రేడియో పెట్టుకుంది. కింద గనులు కూలి ఇంటి గోడలు బీటలు వారుతుంటే ఆ చప్పుడు వింటూ తెల్లవార్లూ పడుకునేది.

ఎవరో చెబితే ఇక్కడికి వచ్చింది. తూర్పు వైపు, ఉప్పునీళ్ళు పైకి తోడే నీటిచక్రం పక్క, ఓట్మార్ ఏటా కూర్చున్న బెంచీ. కూర్చుని చెవి ఒగ్గింది. ఓట్మార్ ఊపిరి, నిదానంగా, పైకీ కిందికీ. గెర్లిండ కూర్చున్నచోటే తల వాల్చేసింది. సాయంత్రం గుంట్రామ్ తూములు కట్టడానికి వచ్చి, లేపలేక, తన కోటు కప్పి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఏడాదికి మూడు వారాలు నిద్రపోయేది ఆమె. మిగతా ఏడాదంతా ఆ మూడు వారాల కోసం మేలుకుని ఉండేది.

ఈసారి వచ్చేసరికి తూర్పువైపు కంప గురువారం దింపుతున్నారని తెలిసింది. ముళ్ళమీద ఉప్పునీళ్ళ మడ్డి పేరుకుని కంప రాయైపోతుంది. అప్పుడు దింపి కొత్తది కుక్కాలి, లేకపోతే చట్రం బరువుకు విరుగుతుంది. ఎవరూ చేయగలిగిందేం లేదు.

"ఇంకో ఏడాది ఆగకూడదా బాబూ?" అంది గెర్లిండ.

"పోయినేడే ఆపాను మీ మొహం చూసి," అన్నాడు గుంట్రామ్. "ఇప్పుడు చక్రం పక్క దూలం వంగింది. నా నెత్తిన పడేదాకా ఆగమంటారా?"

"దింపితే ఆయన ఊపిరి ఏమవుతుంది?"

"తెలిసిందేగా. కంపకట్ట లాగేటప్పుడు కింద కొత్త వైన్ గ్లాసు పట్టుకోవాలి. అందులో దిగుతుంది. బెంచీ మీద ఉన్నవాళ్ళు తలో గుక్కా తాగేస్తారు. తాగినవాళ్ళ ఛాతీలో ఉండిపోతుంది."

"నా ఛాతీలో ఉంటే నాకేం లాభం?" అంది గెర్లిండ. "ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపిస్తుందా? నాకు పక్కన ఉండాలి. పక్క దిండు మీద."

గుంట్రామ్ చెవి గోక్కున్నాడు. "ఇంకో మాట అమ్మా. ఇప్పుడు మీరు వింటున్నది ఊపిరిలో తేట. మడ్డి అడుగునుంటుంది. దింపితే రెండూ కలిసే వస్తాయి. ఇంకా... ఊపిరి పిల్లిలాంటిది. మనిషిని కాదు, చోటును పట్టుకుని ఉంటుంది. జాగ్రత్త."

ఆమె వినలేదు. అప్పటికే బెంచీ వైపు చూస్తోంది. అక్కడ ఎవరో కూర్చుని ఉన్నారు. భారీ మనిషి, ఎర్ర రుమాలు, ఒళ్ళో సంచి, కళ్ళు మూసుకుని నవ్వుకుంటోంది.

గెర్లిండ వెళ్ళి ఎదురుగా నిలబడింది. "ఏమండీ, అది మావారి చోటు."

"తెలుసు," అందావిడ కళ్ళు తెరవకుండానే. "అందుకే కూర్చున్నా. కంప దింపుతున్నారని తెలిసి వచ్చా."

"మీరెవరు?"

"వాల్‌బుర్గా. వర్మ్స్ ఊరు. మిఠాయి కొట్లో పనిచేసేదాన్ని." ఇప్పుడు కళ్ళు తెరిచి పైనుంచి కింది దాకా చూసింది. "మీరు గెర్లిండ గారు. మీ కోట్ల గురించి చెప్పేవాడు. అన్నీ బూడిదరంగే అని."

మా ఊళ్ళో చికిత్సకొచ్చినవాళ్ళు ఆ మూడు వారాల మటుకు ఒక తోడును వెతుక్కుంటారు. దాన్ని నీడ అంటారు. నీడతో కలిసి తోటల్లో నడుస్తారు, ఒక గ్లాసులో తాగుతారు, ఆదివారం బ్యాండు దగ్గర నాట్యం చేస్తారు. రైలెక్కగానే నీడ స్టేషన్లోనే ఉండిపోతుంది. అడిగేవాళ్ళుండరు. కానీ నీడ ఇలా పట్టపగలు బెంచీ మీద కూర్చుని పేరు చెప్పుకోవడం మాత్రం ఎవరూ చూడలేదు.

గెర్లిండ అదే బెంచీ చివర కూర్చుంది. అడిగింది. "నా గురించి ఇంకేం చెప్పేవాడు?"

"కోట్ల సంగతి తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఇంటి మాటెత్తరు. అది మర్యాద."

"మరి మీతో ఏం మాట్లాడేవాడు?"

"ఏం మాట్లాడతాడు! పాటలు పాడేవాడు. నవ్వించి చంపేవాడు."

"ఓట్మారా? పాటలా?" గెర్లిండ ముప్పై ఏళ్ళలో ఒక్క పాట వినలేదు. "ఆ దగ్గుతో ఎలా పాడాడు?"

"దగ్గేమిటి?" అంది వాల్‌బుర్గా, నిజంగానే ఆశ్చర్యంగా. "నేను ద్రాక్షకోతల వారానికి వచ్చేదాన్ని, ఆయన చికిత్స ఆఖర్లో. అప్పటికి ఊపిరి అద్దంలా ఉండేది. నేనెప్పుడూ దగ్గు వినలేదే."

 ఆ మధ్యాహ్నం బెంచీ మీద గెర్లిండకు నిద్ర రాలేదు. ముళ్ళలో ఊపిరి ఆడుతూనే ఉంది. అది తన కోసం ఆడుతున్నట్టు అనిపించలేదు, అంతే.

కేటా కొట్టులో ఆ సాయంత్రం ఉల్లిపాయ రొట్టె ముందు పెట్టుకుని ముట్టలేదామె. కేటా ముసలిది, అందరి సంగతులూ తెలిసిన మనిషి. "తిను తల్లీ. చచ్చినవాడి మీద అలిగితే ఎవడొస్తాడు బతిమాలడానికి?"

"గురువారం గ్లాసు నేనొక్కదాన్నే పట్టుకుంటాను. ఆవిడకి ఇవ్వను."

కేటా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మా వైపు ఒక బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళంతా ఒకే అరలీటరు గ్లాసులో తాగుతారు. కొత్తవాడొచ్చి కూర్చున్నా గ్లాసు వాడి చేతికి రావాల్సిందే. గ్లాసు పంచుకున్నాక పిలుపులో 'మీరు' పోయి 'నువ్వు' అవుతుంది. పక్కవాడికి గ్లాసు అందించకపోవడం కంటే మొహాన ఉమ్మడం నయం.

"ఏం చేస్తావు దాన్ని?" అంది కేటా.

"సీసాలో పోసుకుని ఇంటికి తీసుకుపోతా."

"కొత్త వైన్‌ని సీసాలోనా? అది ఇంకా పొంగుతూనే ఉంటుందే పిచ్చిదానా! మూత వదులుగా పెట్టాలి, నిలబెట్టి పట్టుకోవాలి."

"వదులుగా పెడితే ఆయన పోడూ?"

కేటా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున తూములు తీయలేదు. గోడ చప్పుడు లేకుండా ఉంది. గుంట్రామ్ కొక్కెం పెట్టి చక్రం పక్క కట్టను లాగాడు. రాయైపోయిన కంప పెళపెళమంది. గెర్లిండ రెండు చేతులతో గ్లాసు పైకెత్తి పట్టుకుంది. మబ్బురంగు వైన్ మీద ముందు చిన్న అల లేచింది, తరవాత బుసబుసమంటూ నురగ అంచుదాకా వచ్చి ఆగింది. పిప్పరమెంటు వాసన వేసింది. ఓట్మార్ ఎప్పుడూ అవి చప్పరిస్తుండేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు టోపీలు తీశారు.

వాల్‌బుర్గా బెంచీ మీద నుంచి చెయ్యి చాపింది.

గెర్లిండ గ్లాసు అందించలేదు. కోటు జేబులోంచి సీసా తీసి, ఒక్క చుక్క కింద పడకుండా పోసి, మూత బిర్రుగా తిప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే మా ఊళ్ళో అనడం. చాచిన చెయ్యిని వాల్‌బుర్గా నెమ్మదిగా ఒళ్ళోకి తీసుకుంది, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

స్టేషన్ పది నిమిషాల నడక. గెర్లిండ సంచిని పసిపిల్లలా గుండెకు హత్తుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. సంచి లోపల గోరువెచ్చగా ఉంది. లోపలినుంచి సన్నగా బుస. ఇవాళ రాత్రి సీసాను పక్క దిండు మీద పడుకోబెడతాను, అనుకుంది. మూత కొద్దిగా, కొద్దిగానే వదులు చేస్తాను. ఏళ్ళ తరవాత మొదటిసారి, ఆ బెంచీకి దూరంగా ఆమెకు ఆవలింత వచ్చింది.

అంతలో సీసా పేలింది.

సంచి అడుగునుంచి వైన్ కారి చెప్పుల్లోకి దిగింది. గాజుపెంకుల మధ్యనుంచి ఓట్మార్ ఊపిరి బయటికొచ్చింది. ఆమె మొహానికి తగిలింది, క్షణం పాటు. తరవాత పిల్లిలాగే వెనక్కి తిరిగింది. టికెట్లు చూసే ఆయన టోపీ తీశాడు. స్టేషన్ వీధిలో కిటికీ తలుపులు కొట్టుకున్నాయి, తోట అంచున ద్రాక్షాకులు ఒక్కొక్కటే వెల్లకిలా తిరిగాయి. గెర్లిండ ఖాళీ సంచితో వెనక పరిగెత్తింది. "ఓట్మార్, ఆగు! ఓట్మార్!" ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

ఊపిరి తన చోటికే పోయింది. చోటుంది కానీ కంప లేదు. ఉత్త దూలాలు. కింద బెంచీ మీద వాల్‌బుర్గా గుంట్రామ్‌ని తిట్టిపోస్తోంది. "నువ్వైనా ఒక మాట అనొచ్చు కదరా, అంత పొడుగు మనిషివి, నీకు నోరు..." అంటూ గాలి పీల్చుకోవడానికి నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోకి దూరింది ఊపిరి.

గెర్లిండ వచ్చేసరికి వాల్‌బుర్గా రెండు చేతులతో ఛాతీ పట్టుకుని కూర్చుని ఉంది.

"నేను తీసుకోలేదు," అంది. ఏడుస్తోంది. "ఒట్టు. అదే వచ్చింది."

గెర్లిండ చెయ్యెత్తింది. కొట్టడానికే ఎత్తింది, గుంట్రామ్ అడ్డు కూడా రాబోయాడు. అప్పుడు వినిపించింది. వాల్‌బుర్గా ఊపిరి కింద ఇంకో ఊపిరి. నిదానంగా, పైకీ కిందికీ. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బరువెక్కింది.  ఆమె బెంచీ మీద ఒరిగి, లోకంలో అందరికంటే తను ద్వేషించే మనిషి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

జార్ లోయకు పోయే రైలు పోయింది. మర్నాటిదీ పోయింది. గెర్లిండ ఇంటికి వెళ్ళలేదు, వెళ్ళలేదనేకంటే వెళ్ళలేకపోయింది. వాల్‌బుర్గా వర్మ్స్ పోతే తనూ వెంట పోవాలి, వాల్‌బుర్గా ఒప్పుకోవాలి. కానీ లోపలి ఊపిరి వాల్‌బుర్గాను తన చోటు దాటి పోనివ్వలేదు. కేటా ఇద్దరికీ పైన ఒక గది ఇచ్చింది, రెండు మంచాలు, మధ్య ఒక కుర్చీ. మొదటి రోజే భోజనం దగ్గర కేటా ఒకే గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది. చాలాసేపు ఎవరూ ముట్టలేదు. చివరికి గెర్లిండ ఒక గుక్క తాగి, మొహం తిప్పుకుని, గ్లాసు అవతలికి నెట్టింది. వాల్‌బుర్గా తాగింది.

శరత్కాలం గడిచింది. ఎదురుగా గోడలో పచ్చి కంప కుక్కారు, అందులో ఇంకా ఎవరి ఊపిరీ లేదు. తోటలు బోసిపోయాయి. పొగమంచు నాహె నది మీదనుంచి లేచి గదిలోకి వచ్చింది. క్రిస్మస్ దగ్గర పడుతుండగా మడ్డి కదిలింది.

మొదట గొంతులో చిన్న గరగర. తరవాత దగ్గు. చిరిగిన కొలిమితిత్తి ఊదినట్టు, పక్కటెముకలు విరిగేలా, గంటల తరబడి. డాక్టరు వచ్చి చూసి, ఇది మీ దగ్గు కాదమ్మా, దీనికి నా దగ్గర మందు లేదు అని వెళ్ళిపోయాడు. రెండు ఊపిరులు మోసే ఛాతీ ఎక్కువకాలం ఉండదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. వాళ్ళిద్దరికీ ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. వాల్‌బుర్గా చిక్కిపోయింది. నవ్వు పోయింది. కోతల వారాల్లో నున్నటి గడ్డంతో నవ్వించిన మనిషి తాలూకు మిగతా ఏడాదంతా ఇప్పుడు ఆమె ఛాతీలో కూర్చుంది.

వాల్‌బుర్గా దిండుకు చేరగిలబడి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తెల్లవార్లూ మేలుకుని ఉంటుంది. ఒకసారి దగ్గు తెర ఆగినప్పుడు అవతలి మంచం వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ ఎలా భరించావే దీన్ని?"

గెర్లిండ పిడికిలి చెంప కింద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది.