నాలుగు వందల అయిదు

"అమ్మా, నానెల్లేదాకా పెరట్లోనే ఉండు. ఎదురు రాకు," అన్నాడు మంగరాజు తల దువ్వుకుంటూ. కాఫీ తోటలో కూలీల మీద మేస్త్రీ పని ఇస్తామని వాణ్ణి ఈరోజు అరకు రమ్మన్నారు.

నాకూ అరకులో ఈరోజే పరీక్ష. వయోజన విద్య వాళ్ళది, ఏడాదికోసారి పెడతారు. అనంతగిరి నుంచి పొద్దున ఒకటే బస్సు.

"మరి నానెలా ఎల్లనురా?"

కోడలు రత్నాలు నవ్వింది. "పరీచ్చ రాసి కలెక్టరవుతావేటత్తా?"

మొగుడు పోయినదాన్ని. వాడు బయల్దేరేటప్పుడు నా ముఖం కనపడకూడదు. అలాంటప్పుడు పెరట్లో కూర్చుని చోళ్ళు చెరుగుతూ, బొగ్గుముక్కతో నేలమీద నీలవేణి నేర్పిన ఆట ఆడుకుంటాను. నీలవేణి మాకు చదువు చెప్పే కొండదొర తెగ పిల్ల. ఆట తేలిక. ఒక అంకె వేసి మూడుతో హెచ్చవేయాలి. వచ్చిన అంకెల్లో చిన్నది ముందు, పెద్దది వెనక పెట్టి సర్దాలి. మళ్ళీ మూడుతో హెచ్చవేయాలి. సర్దినప్పుడు సున్నా ముందుకొస్తే దానికి విలువ లేదు, చెరిపేయాలి.

అయిదు వేశాను. పదిహేను. నలభై అయిదు. నూట ముప్పై అయిదు. నాలుగు వందల అయిదు. ఇక సర్దితే సున్నా ముందుకొచ్చి రాలిపోతుంది, మళ్ళీ నలభై అయిదే. ఒకటి నుంచి తొమ్మిది దాకా దేనితో మొదలెట్టినా చివరికి అక్కడికే. "ఇందులోంచి బయటికి దారి లేదేటే?" అని ఒకసారి అడిగితే నీలవేణి, "నేదు పెద్దమ్మా, పెరిగినట్టే ఉంటాది, సర్దితే మొదటికే," అంది.

నన్నూ అలాగే పెంచారు. పెద్దదానివయ్యావన్నారు, ఇల్లాలివన్నారు, కొడుకుని కన్నావన్నారు, అత్తవయ్యావన్నారు. ప్రతిసారీ పెరిగాననే అనుకున్నాను. ఆ వెంటనే ఎవరో ఒకరు సర్దేవారు. చీపురు, విసుర్రాయి, పేడ తట్ట ఎప్పటిలాగే నా చేతికొచ్చేవి.

బస్సు హారన్ వినపడింది. తర్వాత ఘాట్ రోడ్డు మలుపులో మోత సన్నగిల్లింది. వచ్చే ఏడాది ఈ బడి ఉంటుందన్న నమ్మకం నీలవేణికే లేదు.

సాయంత్రం మంగరాజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. పని ఇంకెవరికో ఇచ్చేశారట.

"పెరట్లోంచి తొంగి సూసుంటాది," అంది రత్నాలు, నాకు వినపడేలాగే.

వాడు నావైపు చూశాడు. "ఒక్క పొద్దు ఆగలేకపోయావేటమ్మా?"

ఆగాను.

పెరట్లోకి వెళితే నేలమీద నాలుగు వందల అయిదు అలాగే ఉంది. సర్దుదామని బొగ్గు తీశాను. నాలుగుకీ అయిదుకీ మధ్య సున్నా, విలువ పోకుండా, కుదురుగా కూర్చుని ఉంది. బొగ్గు పొయ్యిలో పడేశాను.

రేపు వాడు పని వెతుక్కుంటూ బయల్దేరే వేళకి నేను వీధి గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతుంటాను.