గట్టిపడని కప్పు

రిగ్ మీద అందరూ ఆయన్ని బురద బాబాయ్ అనేవారు. ఆ పేరు పెట్టింది డ్రిల్లర్. బాబాయ్ ఎప్పుడూ నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయేవాడు. ఆయన్ని వరస పెట్టి పిలిచేవాళ్లు ఇంకెక్కడా లేరు మరి.

చమురు బావి తవ్వుతున్నంతకాలం లోపలికి పంపే చిక్కటి బురదను చూసుకోవడం ఆయన పని. పలచనైతే బావి గోడలు విరిగిపడతాయి, మరీ చిక్కనైతే పంపు మొరాయిస్తుంది. చంటిపిల్లకి పాలు కలిపినంత శ్రద్ధగా కలిపేవాడు. ఇంతా చేస్తే, బావి పూర్తవగానే ఆ బురదంతా గుంటలో పారబోసి, గొట్టం చుట్టూ సిమెంటు పోసి ఎవరిళ్లకి వాళ్లు పోయేవారు.

ఈసారి పద్ధతి మారింది. ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం పిండిలా నూరించి బస్తాలు తెప్పించారు. దానికి కాస్త సోడా చేర్చి ఆ బురదలోనే కలిపితే, బురదే సిమెంటై రాయిలా బిగుస్తుందట. అలాగే కలిపి గొట్టం చుట్టూ దింపారు. ఒక్క కప్పు మాత్రం తీసి పైన ఉంచారు, అది గట్టిపడితే కింద బావిలోనిదీ గట్టిపడినట్టే. చిట్టెం సిమెంటు బిగవాలంటే వేడి కావాలి. బావి అడుగున వేడికి కొదవ లేదు. కప్పుని మాత్రం వంటగదిలో వేడినీళ్ల గిన్నెలో పెట్టి, బొటనవేలితో నొక్కి చూస్తుండాలి.

"అది మీ పని. మీరు సరే అనేదాకా ఎవరూ కదలడానికి లేదు," అన్నాడు సూపర్‌వైజర్.

బాబాయ్‌కి ఇల్లంటే మూడో అంతస్తులో ఒక గది. భార్య పోయాక అక్కడ చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే. పైగా ఇదే ఆఖరి బావి, ఇక విశ్రాంతి తీసుకోమంది కంపెనీ. విశ్రాంతి ఎవరిక్కావాలి?

వంటాయన గిన్నెలు కడగడానికి అటు వెళ్లగానే బాబాయ్ కప్పు తీసి, చలిగాలి కొట్టే కిటికీలో పెట్టాడు. అడుగుల చప్పుడైతే మళ్లీ గిన్నెలో పెట్టేవాడు. ఎవరడిగినా నొక్కి చూసి, "ఇంకా మెత్తగానే ఉంది," అనేవాడు. మెత్తగానే ఉంది కదా, అబద్ధమేముంది?

పనిలేని మనుషులు పేకాడుకున్నారు, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకున్నారు. బాబాయ్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని భోంచేశారు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు డ్రిల్లర్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"బాబాయ్, మా ఆవిడని పురిటికి హాస్పిటల్లో చేర్చారంట. ఇంకెంతసేపు?"

బాబాయ్ నొక్కి చూపించాడు. వేలు లోపలికి దిగింది.

"నీ తప్పేముందిలే. పొద్దున్నుంచి తిండి కూడా మానేసి దీన్నే కనిపెట్టుకుని కూర్చున్నావ్. సొంత బాబాయ్ కూడా ఇంత చెయ్యడు," అంటూ డ్రిల్లర్ కంచం తెచ్చి ముందు పెట్టాడు.

ఛీ, ఏం మనిషిని నేను, అనుకున్నాడు బాబాయ్. డ్రిల్లర్ అటు వెళ్లగానే కప్పుని వేడినీళ్లలో పెట్టి, మంట పెంచమని వంటాయన్ని తొందరపెట్టి, అక్కడే కూర్చుండిపోయాడు. తెల్లారేసరికి వేలు దిగలేదు.

డ్రిల్లర్ చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పరిగెత్తాడు. మిగతావాళ్లు సామాన్లు సర్దుకుని, "మా ఇంటికి రా బాబాయ్," అని అందరూ పిలిచారు. ఇల్లెక్కడో ఒక్కరూ చెప్పలేదు. గుర్తుగా ఉంచుకోమని కప్పుని బాబాయ్ చేతిలో పెట్టాడు సూపర్‌వైజర్.

గదికి చేరి, తాళం తీసి, కప్పుని బల్లమీద పెట్టాడు. ఫ్రిజ్ మూలుగుతోంది. ఇంతలో ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు.

"బాబాయ్, ఆడపిల్ల! అచ్చం మా అమ్మ పోలికే!"

"తల్లి ఎలా ఉందిరా?"

"బానే ఉంది. నేను వెళ్లేసరికే పుట్టేసింది. పాపం, మా ఆవిడ రాత్రంతా నా కోసం ఒకటే ఏడుపంట." డ్రిల్లర్ గొంతు కాస్త తగ్గింది. "పోనీలే. సిమెంటు బిగవడం నీ చేతుల్లో ఉందా ఏంటి?"

బాబాయ్ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఈ ఫోన్ ఇంకెప్పుడూ మోగదు.

"లేదురా," అన్నాడు.

అవతల పాప ఏడుపు మొదలైంది. "ఉండు బాబాయ్, విను," అని డ్రిల్లర్ ఫోన్ దాని దగ్గర పెట్టాడు. కప్పుని గట్టిగా పట్టుకుని, బాబాయ్ వింటూ కూర్చున్నాడు.