సాకు లేని చక్రం

రెండేళ్లుగా అందరూ నాకు ఒకటే మాట చెబుతూ వచ్చారు. తప్పు చక్రానిదే అని.

నేను పడింది పాదిరి వీపు మీద. మా ఊరు ఇన్నర్‌లీతెన్ పైనున్న అడవిలో కొండసైకిళ్లు దిగే బాటల్లో ఒకదాని పేరు అది. ఎప్పుడో ఒక పాదిరిగారు వానలో అక్కడ కాలు జారి, కింది దాకా వీపు మీదే వచ్చారట. చెట్ల వేళ్లు తేలిన నేల, ఎప్పుడూ ఆరని తడి, గోడ లాంటి వాలు. సగం దిగాక మనిషి తొడంత లావు వేరు ఒకటి బాటకు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని మీదే నా వెనక చక్రం ఆలుగడ్డ చిప్సులా మెలి తిరిగిపోయింది. నా భుజం దగ్గరి ఎముక రెండు ముక్కలైంది.

ఆ రోజు నా వెనకే దిగుతున్న స్నేహితురాలు గ్రీర్ ఆసుపత్రిలోనే మొదలుపెట్టింది. "రెడీమేడ్ చక్రాలు అంతే, రోనా. మిషన్లు బిగించి పడేస్తాయి. నీ తప్పేం లేదు." తర్వాత మా సైకిలు సంఘంలో వాళ్లంతా అదే అన్నారు. నేనూ తల ఊపాను.

కానీ ఆ క్షణం నా దగ్గర లేదు. వేరు కనిపించడం గుర్తుంది. ఆ తర్వాత చెట్ల కొమ్మల మధ్య తెల్లటి ఆకాశం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య నా ఎడమచెయ్యి ఏం చేసిందో తెలియదు. భయపడి వెనక బ్రేకు పట్టిందా? పట్టి ఉంటే సైకిలు వెనకభాగం పక్కకు జారి, చక్రం అడ్డంగా వేరుకు కొట్టుకుని ఉంటుంది. అప్పుడు అది నా తప్పు. పట్టలేదా, తప్పు చక్రానిది. ఇంతే ప్రశ్న. నలభై తొమ్మిదేళ్లు వచ్చి ఒంటరిగా బతికే మనిషికి, తన చెయ్యి తనతో చెప్పకుండా పనులు చేస్తుందేమో అన్న అనుమానం చిన్నదేమీ కాదు. వేణ్ణీళ్ల కెటిల్ ఎత్తేదీ, వీధి తలుపు గడియ వేసేదీ ఆ చెయ్యే.

వాళ్ల దయ నాకు ఒక సాకు ఇచ్చింది. దాని కింద రెండేళ్లు తలదాచుకున్నాను. సైకిలు గోడకు ఆనించి, పైన దుప్పటి కప్పాను. ఎవరైనా అడిగితే భుజం మీద చెయ్యి వేసుకునేదాన్ని. ఎముక అతికి అప్పటికి ఏడాదిన్నర దాటింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున వాటీ అనే ముసలాయన షెడ్డుకు వెళ్లి, వెనక చక్రం నేనే కట్టుకుంటానన్నాను. నా చేతుల్తో కట్టిన చక్రం విరిగితే ఇక ఎవరినీ అనడానికి ఉండదు. నాకు కావలసిందీ అదే. ఆ చక్రం వేసుకుని పాదిరి వీపు దిగుతాను. అప్పుడు తెలుస్తుంది.

వాటీకి డెబ్బై మూడు. నేను పనిచేసే ఉన్ని మిల్లులోనే మగ్గాలు బాగుచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు నది ఒడ్డున రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేస్తాడు.

"సైకిలెక్కి ఎన్నాళ్లయింది, అమ్మాయ్?"

"రెండేళ్లు."

"చక్రం కట్టి?"

"ఎప్పుడూ కట్టలేదు."

"మంచిదే. చెడ్డ అలవాట్లు ఇంకా పట్టలేదన్నమాట. ముందు టీ పెట్టు."

ముప్పైరెండు చువ్వలు. ప్రతి చువ్వా నడిమి ఇరుసు నుంచి బయల్దేరి, దారిలో మూడు చువ్వలను దాటి రిమ్ముకు చేరాలి. రెంటికి పైనుంచి, మూడో దానికి కింది నుంచి. నాకది కష్టమనిపించలేదు. మధ్యాహ్నానికి అల్లడం అయిపోయింది.

"గుడ్డ పని చేసేదానివి, అల్లిక రాక చస్తుందా," అన్నాడు వాటీ. "ఏడుపంతా ఇప్పుడు మొదలవుతుంది."

ఏడుపు అంటే వంకర తీయడం. చక్రాన్ని స్టాండులో బిగించి తిప్పితే, రిమ్ము ఒకచోట కుడికీ ఒకచోట ఎడమకూ ఊగుతుంది. స్టాండుకు రెండువైపులా ఉన్న రేకుల్లో దేనికి రాసుకుంటే అటు వంగిందన్నమాట. చువ్వ చివర ఇత్తడి మర ఉంటుంది. దాన్ని చిన్న కీతో పావు చుట్టు తిప్పాలి. ఏ వైపు చువ్వ బిగిస్తే రిమ్ము ఆ వైపు వస్తుంది. వినడానికి ఇంతే.

మిల్లులో నాది రఫ్ఫు పని. మగ్గం దిగిన గుడ్డను వాలుబల్ల మీద పరిచి, కళ్లకంటే ముందు వేళ్లతో తడుముతాను. ఒకచోట పోగు తెగి ఉంటుంది, ఒకచోట ముడి తగులుతుంది. ఎక్కడ తగిలితే అక్కడే సూది దించి, పోగు కలిపి, ముందుకు జరుగుతాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను. చక్రం దగ్గరా అదే చేశాను. రాసుకున్న చోట ఆపి, ఆ చోటున్న చువ్వను బిగించి, మళ్లీ తిప్పి, ఇంకోచోట ఆపి, దాన్ని బిగించి. మూడు శనివారాలు పట్టింది. మూడో శనివారం రేకులను వెంట్రుకంత దగ్గరికి జరిపి తిప్పాను. చప్పుడు లేదు. చక్రం నీళ్లలా తిరిగింది. గర్వంతో నా చెవులు వేడెక్కాయి.

"ముసలాయనా, ఇటు రా."

వాటీ వచ్చాడు. చక్రాన్ని తిప్పి చూడలేదు. "కళ్లు మూసుకో," అన్నాడు.

"ఎందుకు?"

"గుడ్డనుకుని తడుము."

కళ్లు మూసుకుని, చువ్వలను రెండేసి పట్టి పిడికిలితో నొక్కుతూ చుట్టూ వెళ్లాను. ఒక జత ఇనప కడ్డీలా ఉంది. పక్క జత బట్టలారేసే తాడులా ఉంది. తర్వాత రెండు మళ్లీ కడ్డీలు. గుడ్డలో ఇలాంటిది తగిలితే పక్కబల్ల ఆమెను పిలిచి మరీ చూపించి ఉండేదాన్ని. కళ్లు తెరవబుద్ధి కాలేదు.

"ఏం చేశావో తెలిసిందా?"

"నువ్వే చెప్పు."

"చక్రానికి రఫ్ఫు చేశావు. కన్నం కనబడ్డ చోటల్లా కుట్టుకుంటూ పోయావు. దీనికి కన్నాలుండవు, అమ్మాయ్. ఇక్కడ వంగిందంటే, అవతల ఇంకెవడో తన వంతుకు మించి లాగుతున్నాడని."

"అయినా తిన్నగానే ఉందిగా."

"ఉంది. గోడకు తగిలించుకో. మేకు నేనిస్తా."

కోపంతో కాసేపు బయట నిలబడ్డాను. ట్వీడ్ నది వాన నీళ్లతో గోధుమరంగుగా పారుతోంది. నాకు కోపం వాటీ మీద కాదు. రెండేళ్లుగా ఆ ఒక్క క్షణాన్ని నేను ఇలాగే తడుముతున్నాను. లోపమంతా అక్కడే, ఆ వేరు దగ్గరే ఉందనుకుని, దాన్నే గుచ్చి గుచ్చి బిగించాను. ఆ ఒక్కచోటు ఎంత బిగిసిందంటే, దాని చుట్టూ ఉన్న నా బతుకంతా వదులైపోయింది. స్నేహాలు వదులయ్యాయి, ఆదివారాలు వదులయ్యాయి. పైకి మాత్రం నేను తిన్నగానే ఉన్నాను. ఎవరైనా చూసి చెప్పగలరు.

లోపలికొచ్చి కీ తీసుకుని, ముప్పైరెండు మరలూ వదులు చేశాను. మూడు శనివారాల పని ఇరవై నిమిషాల్లో పోయింది.

"ఆ, ఇప్పుడు మొదలైంది," అన్నాడు వాటీ, మటన్ పఫ్ కొరుకుతూ.

ఈసారి ఎక్కడా ఆగలేదు. అన్ని మరలకూ తలా అర చుట్టు. మళ్లీ మొదటి నుంచి తలా అర చుట్టు. రిమ్ము ఊగుతున్నా చూడనట్టు వదిలేశాను. వెనక చక్రంలో గొలుసు ఉండే కుడివైపు చువ్వలు ఎడమవాటికంటే బిగువుగా ఉండాలి. కాబట్టి ఏ వైపుది ఆ వైపుతోనే పోల్చాలి. బిగువు సమంగా వచ్చేకొద్దీ వంకరలు సగం వాటంతటవే పోయాయి. మిగిలిన చోట్ల ఒకదాన్ని బిగిస్తే దాని ఎదుటిదాన్ని వదిలాను. వదలడం నాకు చేతకాని పని. చెయ్యి ప్రతిసారీ బిగించే వైపే తిరగబోయేది. దాన్ని ఆపి, ఇటు తిప్పేదాన్ని. మార్చి చివరికి గోటితో మీటితే కుడివైపు చువ్వలన్నీ ఒకే గొంతుతో పలికాయి.

"ఇప్పుడు కింద పెట్టి, మీద పడి నొక్కు," అన్నాడు వాటీ. "ఒంట్లో ఉన్న బరువంతా వేయాలి."

చక్రాన్ని చెక్క మీద పడుకోబెట్టి, రిమ్ము మీద రెండు చేతులూ ఆనించాను. నొక్కలేకపోయాను.

"ఏమైంది?"

"పాడైపోతే?"

"నువ్వు నొక్కకపోతే కొండ నొక్కుతుంది. నీకెవరు నయం?"

నొక్కాను. చువ్వలు టింగుమన్నాయి, ఒకటి, తర్వాత నాలుగైదు, మెలికలు పడి ఉన్నవి విప్పుకున్నట్టు. స్టాండులో పెట్టి చూస్తే కొంచెం వంగింది. సరిచేశాను. మళ్లీ నొక్కాను. రెండు టింగులు. మూడోసారి మోకాళ్ల మీద లేచి, నాకున్న బరువంతా వేసి నొక్కాను. ఏ చప్పుడూ రాలేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున గ్రీర్, నేను సైకిళ్లు తోసుకుంటూ పైకెక్కాం. వాటీ వ్యానుతో కింద గేటు దగ్గర ఉన్నాడు.

"నేను ముందు వెళ్లనా?" అంది గ్రీర్.

"వద్దు. ఆ రోజు ఎక్కడున్నావో అక్కడే, నా వెనకే ఉండు."

"రోనా, ఎవరూ నిన్ను అడగడం లేదే దిగమని."

"నేనడుగుతున్నా."

పైనుంచి చూస్తే బాట కనపడదు. అంచు మాత్రమే కనిపిస్తుంది. అంచు దాటాను. మొదటి మలుపు, తడి రాయి, రెండో మలుపు. ఒళ్లు మరచిపోలేదు. మోకాళ్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి. వేరు కనిపించింది.

ఈసారి ఆ క్షణం నాకు మొత్తంగా దక్కింది. నేను చెప్పకుండానే నా ఎడమచెయ్యి బ్రేకు పట్టింది. రెండు వేళ్లతో, గట్టిగా. ఇంకెవరి చేతినో చూస్తున్నట్టు చూశాను. వెనకభాగం పక్కకు జారింది. చక్రం అడ్డంగా వెళ్లి వేరుకు కొట్టుకుంది. నా బరువంతా, సైకిలు బరువంతా దాని పక్కటెముకల మీద పడింది. దెబ్బ నా పళ్ల దాకా వచ్చింది. ఇక ఆకాశమే అనుకున్నాను. ఆకాశం రాలేదు. చక్రం ఎంత వంగిందో నాకు తెలియదు, వంగినది మాత్రం వెనక్కి వచ్చింది. సైకిలు వేరు దాటి, నన్ను తిన్నగా నిలబెట్టి, కిందికి పరిగెత్తింది. వేళ్లు విప్పాను. విప్పుకున్నాయి.

కింద గేటు దగ్గర వాటీ నా సైకిలు వెనకభాగం ఎత్తి, చక్రం తిప్పాడు. వంగి, చాలాసేపు చూశాడు.

"ఎంత వంగింది?" అన్నాను.

"గోరు మందం కూడా లేదు."

గ్రీర్ వచ్చి ఆగింది. ముఖం నిండా బురద.

"బ్రేకు పట్టాను," అన్నాను ఆమెతో.

హెల్మెట్ తీయబోతున్న చెయ్యి ఆగింది. "చూశాను."

"ఆ రోజు కూడా పట్టి ఉంటాను."

"పట్టావు. అదీ చూశాను."

"మరి రెండేళ్లూ చక్రం, చక్రం అన్నావే."

"చక్రం కూడా పాడుదే. అబద్ధం ఆడలేదు, సగం చెప్పానంతే. ఆసుపత్రి మంచం మీద నీ మొహం నువ్వు చూసుకోలేదు. మిగతా సగం చెప్పేంత ధైర్యం నాకుందా?"

"వంకర చక్రాన్ని ఇద్దరూ కలిసి తిప్పుకుంటున్నారన్నమాట ఇన్నాళ్లూ," అన్నాడు వాటీ. "నా టీ చల్లారిపోయింది."

సిగ్గు వస్తుందని ఎదురుచూశాను. దానికి బదులు నవ్వొచ్చింది, కడుపు లోతు నుంచి, గేటు పట్టుకుని నిలబడాల్సినంత. నాది భయపడే చెయ్యే. రెండేళ్ల కిందట భయపడింది, ఇవాళా భయపడింది. ఆ భయాన్ని మోసి, విరగకుండా కిందికి తెచ్చిన చక్రాన్ని కట్టింది కూడా ఇదే చెయ్యి. రెండూ నావే. ఏ ఒక్కటీ ఇంకొకరికి అప్పజెప్పాల్సిన పని లేదు.

సైకిలు కొండవైపు తిప్పాను.

"ఎక్కడికే?" అంది గ్రీర్.

"పైకి."

"ఈసారి బ్రేకు పట్టవా?"

"చెయ్యి పట్టుకుంటే పట్టుకోనీ. నువ్వొస్తావా, రావా?"

ఆ పూట నాలుగుసార్లు దిగాను. రెండోసారి చెయ్యి పట్టబోయి, సగంలో ఆగింది. మూడోసారి వేరు ఎప్పుడు దాటానో గమనించలేదు. నాలుగోసారికి గ్రీర్ బాగా వెనకబడింది. "ఆగవే, నన్ను రానీ," అని చెట్ల పైనుంచి కేక వినిపించింది. ఆగలేదు.